తాళ్వారం కింద ఇస్త్రీ బల్ల

మా తమ్ముడి కూతురు దివ్యకు ఈ మధ్యనే ఇంటి పన్ను విభాగంలో ఉద్యోగం వచ్చింది. నేను రిటైరయ్యేదాకా చేసిన పనే. ఇంట్లో అందరూ పండగ చేసుకున్నారు. నేను కాఫీ తాగి ఊరుకున్నాను. వెళ్ళేముందు అది నా పక్కన కూర్చుని, "అత్తా, ఆ ఆఫీసులో నిజంగా ఏం జేస్తారు?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టేలోగా దానికి ఫోను వచ్చింది, లేచిపోయింది. అందుకని రాస్తున్నాను.

దానికి తెలుగు చదవడం రాదు. మా పుదుచ్చేరి తెలుగువాళ్ళలో చాలామందికి రాదు. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మా అమ్మ నెల్లూరు వైపు నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి నాకు అక్షరాలు దిద్దించింది. దివ్యకు నేనే చదివి వినిపిస్తాను, అది ఫోను పక్కన పెడితే.

ప్రమోషన్ల సంగతి రాయను. ఏ సెక్షనులో ఎన్నేళ్ళు చేశానో రాయను. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవి కొన్ని ఇళ్ళు, కొందరు మనుషులు. ఒక ఇల్లు మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

కొలిచే పని

పన్ను వేసే పనంటే బయటివాళ్ళు లెక్కల పని అనుకుంటారు. అది ఎండలో తిరిగే పని, చెప్పులు అరిగే పని. తలుపు కొట్టి, పిలవని పేరంటానికి వచ్చినదానిలా గుమ్మంలో నిలబడే పని. మనం ఎవరమో చెప్పగానే అప్పటిదాకా నవ్వుతున్న మొహం ముడుచుకుంటుంది. మజ్జిగ ఇస్తారు గాని కుక్కను కట్టెయ్యరు.

చూడాల్సినవి కొన్నే. ఇల్లు ఎంత ఉంది, పైకప్పు పెంకా స్లాబా, ఎప్పుడు కట్టారు, లోపల ఎవరుంటున్నారు, ఏం చేస్తున్నారు. సొంతవాళ్ళు కాపురం ఉంటే ఒక రేటు, బాడుగకు ఇస్తే ఇంకొకటి, అంగడి పెడితే మరొకటి. శాస్త్రం ఇంతే. మిగిలినదంతా మనుషులతో పడే అవస్థ.

లాస్‌పేటలో ఒకాయన కొత్త ఇల్లు కట్టాడు. నేను వెళ్ళేసరికి ఆయన వియ్యంకుడు వచ్చి కూర్చుని ఉన్నాడు. మెట్ల చివర నీళ్ళ ట్యాంకు కింద చీపుర్లు, పగిలిన బకెట్లు పెట్టుకునే గూడు ఒకటి ఉంది. ఇంటాయన దాన్ని చూపించి, అది రెండో అంతస్తు, చుట్టాలొస్తే ఉండటానికి కట్టించామన్నాడు. వియ్యంకుడు మెచ్చుకోలుగా తల ఊపాడు. నేను రాసుకున్నాను. నోటీసు వెళ్ళాక ఆయన రొప్పుతూ వచ్చి, ఆ గదిలో పడుకుంటే కాళ్ళు బయట ఉంటాయి మేడం అని మొత్తుకున్నాడు. గొప్పలకు పోతే తిప్పలు తప్పవు. మళ్ళీ మెట్లెక్కి కొలవాల్సిన తిప్పలు మాత్రం నాకొచ్చాయి. దివ్యా, ఇంటాయన చెప్పింది రాసుకో, కానీ వియ్యంకుడు వెళ్ళాక ఇంకోసారి అడుగు.

అప్పీలు ఎలా పెట్టాలంటే

నోటీసు అందినవాళ్ళు ఆఫీసుకొచ్చి అనే మొదటి మాట, "పక్కింటికి అంతే గదా, నాకెందుకు ఇంత?" పక్కింటి మీద చెబితే వాళ్ళకి పెరుగుతుందే గాని మీకు తగ్గదని చెప్పి చెప్పి అలసిపోయాను. వాళ్ళకి పెరిగినా చాలని తృప్తిగా వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇల్లున్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నోటీసులో కట్టాల్సిన మొత్తం చూసి గుండె పట్టుకోకండి. ఆ మొత్తం ఎలా వచ్చిందో కింద కొలతలు ఉంటాయి, అవి చూడండి. తప్పు దొరికితే అక్కడే దొరుకుతుంది. గదులు మీరే ఒకసారి కొలుచుకోండి. పెంకుటిల్లును స్లాబని రాశారేమో, మీరుంటున్న ఇంటిని బాడుగ ఇల్లని రాశారేమో చూడండి. గడువు దాటనివ్వకండి. దాటాక నా కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు, పట్టుకున్నవాళ్ళున్నారు. అర్జీలో కష్టాలు రాయకండి, తప్పేదో అది రాయండి. వరండా కొలత తప్పు, మళ్ళీ కొలవండి అన్న ఒక్క మాటకు ఉన్న బలం పేజీల కొద్దీ ఏడుపుకు లేదు. అప్పీలు పెట్టాం కదా అని పాత పన్ను ఆపకండి. కట్టని మనిషి మాట వినబుద్ధి కాదు ఏ ఆఫీసరుకైనా. అది రూలు కాదు, మనిషి స్వభావం.

ఈ నాలుగు ముక్కలూ పట్టుకుని చాలామంది గెలిచారు. సంతోషమే. కానీ ఇదంతా కొలతకు అందే తప్పులకే పనికొస్తుంది.

ఇద్దరు ఆఫీసర్లు

నా మొదటి ఆఫీసరు కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఆయనకు వీధి పటం చాలు. ఈ వీధంతా ఒకటే రకం, ఒకటే రాయండి అనేవాడు. అలా రాయడంలో మురుంగపాక్కంలో మా పెదనాన్న వాళ్ళ గొడ్ల కొట్టం కాస్తా గోడౌను అయి కూర్చుంది. అది సరిచేయించేదాకా మా పెద్దమ్మ ఏ శుభకార్యంలోనూ నా విస్తట్లో రెండోసారి పాయసం వెయ్యలేదు. ఉద్యోగం నాది కాబట్టి తప్పూ నాదే అంది. ఆమె అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు, జనానికి ఆఫీసరు కనపడడు, మనమే కనపడతాం.

తర్వాత వచ్చినాయన వేరు. తమిళాయన, సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. తగాదా వచ్చిన ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళి చూసి రమ్మనేవాడు. కాగితంలో ఉన్నది కాదు, కళ్ళ ముందు ఉన్నది రాయమనేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. విచారణల్లో ఎవరి మీదా అరిచేవాడు కాదు, ఎవరికీ వంగేవాడు కాదు. అలాంటి మంచి ఆఫీసరు ఉండి, రూలు సరిగ్గా ఉండి, నేను నిజమే రాసి కూడా ఒక మనిషి నష్టపోవడం ఆయన హయాంలోనే చూశాను.

సరోజమ్మగారి ఇల్లు

సరోజమ్మగారిది ఊళ్ళో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండే పాత వీధి. అలాంటి ఇంటికి ముందు తిన్నె, అంటే అరుగు, ఉంటుంది. అది ఇంటిదే. తిన్నెకు ముందు వీధి మీదికి కొయ్య స్తంభాల మీద ఇంకో వాలు కప్పు ఉంటుంది. దాన్ని తాళ్వారం అంటాం. కప్పు వేసుకునేది ఇంటివాళ్ళే గాని కింద నేల వీధిది. ఎండకు, వానకు నడిచేవాళ్ళు తల దాచుకోవడానికని పూర్వం కట్టేవాళ్ళు. ఇప్పుడు చాలా ఇళ్ళకు లేదు. సరోజమ్మగారి ఇంటికి మిగిలి ఉంది.

ఆమె కుట్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి. భర్త బియ్యం వ్యాపారం చేసి, చేసినదంతా అప్పులవాళ్ళకే ఇచ్చి పోయాడు. పిల్లలు లేరు. చిన్న పెన్షను, చక్కెర జబ్బు, నోరు మాత్రం గట్టిది. మాలాగే ఎప్పుడో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం.

ఆమె తాళ్వారం కింద కాశి అనే అతని ఇస్త్రీ బల్ల ఉండేది. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేవాడు. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అతను అక్కడ ఉన్నాడట. తమిళుడు. తరతరాలుగా బట్టల పని చేసుకునే ఇళ్ళవాడు. బాడుగ ఇచ్చేవాడు కాదు, ఆమె బట్టలకు డబ్బు తీసుకునేవాడు కాదు. పొద్దున ఆమె కాఫీ తెచ్చి తిన్నె మీద పెడితే అతను కింద నిలబడి తాగేవాడు. వాళ్ళిద్దరి మధ్య ఏర్పాటు అంతే. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకున్నట్టు కూడా లేదు.

ఒకరోజు వీధికి అడ్డంగా ఉన్నవి తీసేసే మునిసిపాలిటీవాళ్ళు లారీ వేసుకుని వచ్చారు. పండ్ల బండి ఎత్తారు, టీ బల్ల ఎత్తారు, కాశి బల్ల మీద చెయ్యి వేశారు. సరోజమ్మగారు వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి అడ్డం నిలబడింది. అది మా ఇంటి చోటు, అతను మాకు బాడుగ ఇస్తున్నాడు అని చెప్పింది. రాసివ్వమన్నారు. రాసి సంతకం పెట్టింది. వాళ్ళు బల్ల వదిలేసి వెళ్ళిపోయారు. కాశికి అప్పుడు వేరే ఆధారం లేదు. మోకాళ్ళ నొప్పులతో ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చుకోలేడు, ఆ చోటుకు జనం అలవాటు పడి ఉన్నారు. చోటు పోతే పని పోయినట్టే.

ఆమె రాసిచ్చింది మా ఆఫీసుకు చేరింది. తర్వాత పన్నులు సవరించినప్పుడు, తాళ్వారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఆమె ఇంట్లో కలిసింది. అంగడి, బాడుగకు ఇచ్చినది అని పడింది. నోటీసు చూసుకుని ఆమె మా కౌంటరుకు వచ్చింది. ఆ పన్ను కట్టాలంటే మందులు మానుకోవాలి, మందులు కొనాలంటే పన్ను ఆపాలి. నేను ఫోనులో మా ఆయనతో తెలుగులో మాట్లాడుతుంటే విని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పీలు రాయించాను. ఆఫీసరు ఎప్పటిలాగే, వెళ్ళి చూసి రమ్మన్నాడు.

రహస్యం అనుకుని మాట్లాడిన మాటలు

నేను వెళ్ళినప్పుడు కాశి ఎవరిదో బడి యూనిఫారం ఇస్త్రీ చేస్తున్నాడు. నేనూ సరోజమ్మగారూ తిన్నె మీద కూర్చున్నాం. అతనికీ మాకూ మధ్య చేయి చాపినంత దూరం.

మా తెలుగువాళ్ళకు ఈ ఊళ్ళో ఒక అలవాటుంది. బట్టల కొట్లో బేరం ఆడేటప్పుడు, ఆసుపత్రిలో డాక్టరు ముందు, బస్సులో పక్కవాళ్ళ గురించి చెప్పుకునేటప్పుడు ఠక్కున తెలుగులోకి దిగుతాం. అదేదో మా ఒక్కరికే ఉన్న గది, తలుపేసుకున్నాం అనుకుంటాం. చిన్నప్పటి నుంచి చూసిందే కాబట్టి తప్పని కూడా తోచదు.

సరోజమ్మగారు గొంతు కూడా తగ్గించలేదు. "ఎట్ట తగ్గుతాదో చెప్పు పాపా. వాడు ఉంటే ఉండనీ, వాడికి మన మాట యాడ తెలుస్తాది" అంది.

నేను చెప్పాను. ఈ నేల మీ సొంతమని మీరు అన్నంతకాలం పన్ను సరైనదే, ఎవరూ తగ్గించలేరు. నేల వీధిది, బాడుగ లేదు అని ఒప్పుకుంటే పన్ను పోతుంది. కానీ బల్ల వీధిలో ఉన్నట్టు అవుతుంది, మీరు రాసిచ్చిన ఆ కాగితం ఇటు కొట్టేస్తే అటు లారీ వస్తుంది.

ఆమె స్తంభం వైపు చూసింది.

"అంటే నేను గెలిస్తే వాడు పోవాల."

"అవును పెద్దమ్మా."

"వాడు ఉండాలంటే నేను ఇంటి వరి కడతానే ఉండాల, చచ్చేదాకా."

ఇంటి వరి అంటే ఇంటి పన్నే, మా ఇళ్ళల్లో అలాగే అంటాం. కాశి పెట్టె చప్పుడు ఆగలేదు. యూనిఫారం మడిచి పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. చివరికి ఆమె, అప్పీలు వెనక్కి తీసుకుంటాను, ఎట్లాగో కట్టుకుంటాను అంది. రేపు ఆఫీసుకు వచ్చి రాసివ్వమని చెప్పి వచ్చేశాను. నా పని అయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె కాఫీ తెచ్చేసరికి బల్ల లేదు. నేల ఊడ్చి ఉంది. బొగ్గు మసి కూడా కడిగి పోయాడు. ఆమె చీరలు మడతపెట్టి తిన్నె మీద ఉన్నాయి. సోలై నగర్‌లో కూతురి ఇంటికి వెళ్ళాడని పక్కవీధి పాలవాడు చెప్పాడు. తెలుగు ఇంటి ముందు ఒక జీవితకాలం నిలబడినవాడికి తెలుగు రాకుండా ఎలా ఉంటుంది? ఇంట్లో గొడవలు, అప్పులు, ఆయన చావు, అన్నీ ఆ గోడ ఇవతల నుంచి విన్నవాడు. వినీ విననట్టు ఉండటం అతని మర్యాద. దాన్ని మేము తెలియకపోవడం అనుకున్నాం.

గెలుపు

అప్పీలు వెనక్కి తీసుకోవాల్సిన కారణం లేకుండా పోయింది. విచారణ జరిగింది. ఆఫీసరు ఆమెను కూర్చోబెట్టి, అతను ఎప్పుడైనా బాడుగ ఇచ్చాడా అని అడిగాడు. లేదు సార్, ఆ మాట నేను పుట్టించిందే అని చెప్పింది. నన్ను మళ్ళీ చూసి రమ్మన్నాడు. చూశాను. బల్ల లేదు, వ్యాపారం లేదు, నేల వీధిది. చూసిందే రాశాను. పెరిగిన పన్ను మొత్తం కొట్టేశారు. అబద్ధం రాసిచ్చినందుకు ఆమె మీద చర్య ఏమీ తీసుకోనవసరం లేదని కూడా ఆయన రాశాడు. అంత మంచి ఉత్తర్వు మా ఆఫీసులో అరుదు.

నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె చదవలేదు. నన్ను కూర్చోమనలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ, ఈ ఉద్యోగం మీద నాకు అసహ్యం వేసింది. దివ్యా, నీకూ వేస్తుంది. అలాంటి రోజు వస్తే ఎవరితోనైనా చెప్పుకో. నేను చెప్పుకోలేదు, అందుకే ఇన్నేళ్ళకు కూడా ఇలా బరువుగా వస్తున్నాయి మాటలు.

కొన్ని వారాల తర్వాత ఆమె మళ్ళీ కౌంటరుకు వచ్చింది. కొట్టేసిన పన్నే మళ్ళీ వేయమంది. మా సెక్షనులో అందరూ తలలెత్తి చూశారు. నేను ఆమెకు నెమ్మదిగా చెప్పాను. తగ్గించమని అప్పీలు పెట్టుకోవచ్చు గాని పెంచమని పెట్టుకునే దారి లేదు. అలాంటి మనిషి వస్తుందని రూలు రాసినవాళ్ళు అనుకోలేదు. ఆమె వినలేదు, ఆఫీసరు గదిలోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

ఆయన తమిళంలో, "మీరే కదమ్మా తగ్గించమని వచ్చింది?" అన్నాడు.

ఆమె తమిళంలో మొదలుపెట్టి తెలుగులో పడింది. "తగ్గించమని వచ్చినప్పుడు వాడు ఉండాడు సార్. తగ్గినాక వాడు లేడు."

ఆ మాట నేను తమిళంలో చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. వీధిని నేనూ ఇవ్వలేను, మీరూ ఇవ్వలేరు అన్నాడు. మళ్ళీ ఆయనే, మీ ఇంట్లో చోటు లేదా అని అడిగాడు.

మామూలు ప్రశ్న. అది నాకెందుకు తోచలేదో నాకు తెలుసు. తలుపు తీయగానే వీధి వైపున ముందు గది ఒకటి ఉంది. అందులో పాత కుట్టు మిషను, ఒక ట్రంకు పెట్టె తప్ప ఏమీ లేవు. నేను రెండుసార్లు కొలిచిన గదే. అయినా నాకు తోచలేదు, ఆమెకు తోచలేదు, కాశికీ తోచి ఉండదు. మా ఇళ్ళల్లో తాళ్వారం కింద ఎవరున్నా, తిన్నె మీద ఎవరు కూర్చున్నా లెమ్మనం. పొరుగువాడి కోసం లారీకి అడ్డం నిలబడతాం, మందులు మానుకుని పన్ను కడతాం. కానీ గడప దాటి లోపలికి రమ్మనం. మురుంగపాక్కంలో మా ఇల్లూ అంతే, బట్టల మూట పెరటి గుమ్మంలోనే ఆగేది. మంచివాళ్ళం అనుకుంటూనే బతికాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఇది చెప్పకపోతే మిగిలినదంతా చెప్పి లాభం లేదు.

సరోజమ్మగారు, "గది ఉండాది" అని మాత్రం అని లేచి వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాను.

ముందు గది

వచ్చింది. ముందు గదిని ఇస్త్రీ అంగడికి ఇస్తున్నానని అర్జీ పెట్టింది. వాడకం మారితే మీరే వచ్చి చెప్పాలని రూలు ఉంది. నా సర్వీసులో తనంతట తాను వచ్చి చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఆ ఒక్క గదికి పడే పన్ను, తాళ్వారం మొత్తానికి పడ్డదానితో పోలిస్తే చాలా తక్కువ. దాన్ని లెక్కవేయించుకుని, ఆ కాగితం పర్సులో పెట్టుకుని షేర్ ఆటోలో సోలై నగర్ వెళ్ళింది.

అక్కడ జరిగింది ఆమే తర్వాత నాకు చెప్పింది. కాశి రానన్నాడు. నా వల్ల మీ ఇంటికి వరి పడకూడదు, ఇక్కడ కూతురు చూసుకుంటుంది అన్నాడు. ఆమె కాగితం చూపించి, పడకూడదనేదేంది, పడిపోయింది, నువ్వు రాకపోయినా నేను కట్టాల్సిందే అంది. అతను అల్లుడి వైపు చూశాడు. అల్లుడు వలల దగ్గర పనికి వెళ్ళే మనిషి, నవ్వి ఊరుకున్నాడు. చివరికి ఆ పెరిగిన పన్ను తనే కడతానని, అదే బాడుగ అని ఒప్పించుకుని వస్తానన్నాడు. ఈసారి బాడుగ మాట నిజమే అయింది. అదంతా చెబుతూ ఆమె, ఆ ఉత్తర్వు ఇచ్చిన తర్వాత మొదటిసారి నన్ను కూర్చోమంది.

అతను వచ్చే రోజే నేను గది చూడటానికి వెళ్ళాను. ఆ పని ఇంకెవరికైనా ఇమ్మని అడిగి ఉండొచ్చు. అడగలేదు, చూడాలనిపించింది. కుట్టు మిషను లోపలికి జరిపి, గది కడిగి పెట్టింది. కాశీ, అల్లుడూ బల్ల మోసుకుని వచ్చారు. కాశి మనిషి తగ్గిపోయి ఉన్నాడు. తాళ్వారం కిందికి రాగానే కాళ్ళు వాటంతట అవే ఆగిపోయినట్టు ఆగి, బల్ల పాత చోటే దించాడు. అల్లుడు బొగ్గుల సంచి తిన్నె పక్కన పెట్టి ఆటో చూసుకోవడానికి వెళ్ళాడు.

"ఈడ చాలమ్మా" అన్నాడు కాశి. అతని నోటి వెంట తెలుగు వినడం నాకు అదే మొదలు. సరోజమ్మగారు ఉలిక్కిపడలేదు. వాళ్ళిద్దరికీ ఆ సంగతి సోలై నగర్‌లోనే తేలిపోయినట్టుంది.

"ఆడ పెడితే లారీ వస్తాది. లోపలికి తీసుకరా" అందామె తలుపు రెక్క రెండోది కూడా తీస్తూ.

అతను బల్ల ఎత్తి తిన్నె మెట్టు ఎక్కాడు. గడప ముందు నిలబడ్డాడు. లోపల కడిగిన నేల ఇంకా తడిగా ఉంది. తన కాళ్ళు చూసుకున్నాడు. ఆమె వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. నేను ఆఫీసు మనిషిని, చేతిలో కాగితాలున్నాయి.

"మేడం, పోవచ్చా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో నన్ను ఎంతమంది ఎన్ని అడిగారో, ఇలాంటిది ఎవరూ అడగలేదు. ఏదో ఒకటి చెప్పేలోగా సరోజమ్మగారే అంది.

"ఆమెనేంది అడిగేది? ఇల్లు నాది. రా."

కాశి వంగి, బల్ల ముందు కాళ్ళు గడప మీదుగా దాటించాడు. తర్వాత తను దాటాడు. నేను కళ్ళు తుడుచుకుని గది కొలవడం మొదలుపెట్టాను.